రంగు పెన్సిళ్ళు తక్కువైన తరగతి

తమ్ముడికి,

అక్క మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మీ బావా, నీ కూతురు పిడుగూ ముగ్గురం కులాసాగా ఉన్నాం. నువ్వూ మరదలూ ఆ కొండ మీద చలిగాలికి ముడుచుకుపోకుండా ఆరోగ్యంగా ఉన్నారనుకుంటాను.

నీ ఉత్తరం అందింది. మీకు సామాన్లు చేరవేసే జీపు డ్రైవరు నేరుగా మా బస్టాండుకే తెచ్చాడు. టిక్కెట్ల వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక కిటికీలోంచి అందించి, "జవాబు తొందరగా రాయమన్నారండీ మీ తమ్ముడుగారు. మొహం కూడా అలాగే పెట్టారు" అన్నాడు. ఆ మొహం నాకు తెలియనిదా? చిన్నప్పుడు నీ వాటా మిఠాయి నేను తినేస్తే పెట్టేవాడివే, ఆ మొహమే అయ్యుంటుంది.

ముందు మరదలి ప్రశ్నలకి జవాబులు. పిడుగుకి దగ్గు పూర్తిగా తగ్గింది. అన్నం తింటోంది, మునుపట్లా ఒక్కో మెతుకునీ పరీక్షించడం మానేసింది. జుట్టు ఎందుకు కత్తిరించానని మరదలు కోప్పడింది కదా, కారణం చెప్తాను, కెవ్వుమనవద్దని చెప్పు. పేలు పట్టాయి. నిజం చెప్పొద్దూ, మొదటి పేను చూసినప్పుడు నాకు కోపం రాలేదు సరికదా, సంబరం వేసింది. పేను దానంతట అది ఎగిరి రాదు కదరా. మన పిల్ల ఎవరి తలకో తల ఆనించి కూర్చుందన్నమాట. పుట్టి బుద్ధెరిగాక మీ ఇద్దరి తలలు తప్ప మూడో తల ఎరగని పిల్ల. ఆ సంగతి మీ బావతో అంటే ఆయన పంపుహౌసుకి వెళ్ళే హడావిడిలో ఉండి, "పేలకి పండగ చేసుకునే మనిషిని నిన్నే చూశాను" అని సైకిలెక్కి పోయారు.

నువ్వు నాలుగో తరగతి లెక్కల పుస్తకం పంపమన్నావు. దాని సంగతి తర్వాత రాస్తాను. ఆఖరి పేజీకి గెంతకు, నీ అలవాటు నాకు తెలుసు.

అసలు విషయానికొస్తాను. నీ ఉత్తరంలో ఒక చోట చదివి నాకు ఒళ్ళు మండింది. "మేఘాల పేర్లన్నీ చెప్పగలదు, భాగహారాలు చేస్తుంది, పెద్దవాళ్ళ పుస్తకాలు చదువుతుంది. ఇంక బడి దానికి కొత్తగా నేర్పేదేమిటక్కా? మందలో నడవడమా? నెలాఖరు జీపులో నేనే దిగి వచ్చి తీసుకొచ్చేస్తాను" అని రాశావు. చదువుకున్నవాడివి, వాతావరణ కేంద్రానికి అధికారివి, ఆకాశం వంక చూసి రేపేం జరుగుతుందో చెప్పేవాడివి. కిందనున్న మనుషుల వంక కూడా అప్పుడప్పుడు చూస్తుండాలి నాయనా.

పోయిన వారం మా కౌంటర్లో కంప్యూటరు మొరాయించింది. బయట జనం బారులు తీరి ఉన్నారు. ఆ వరుసలో కోర్టు నుంచి వచ్చిన లాయరున్నాడు, చేపల బుట్టతో ఒకామె ఉంది, మా ఊరి ఆసుపత్రి డాక్టరమ్మ ఉంది, ఊడ్చే చీపురు చంకలో పెట్టుకున్న మునిసిపాలిటీ మనిషి ఉన్నాడు. ఎవరూ ఎవరికీ చుట్టాలు కారు. "కాస్త ఆగండి, చేత్తో రాసి ఇస్తాను" అన్నాను. గొణిగారు, విసుక్కున్నారు, కానీ ఎవరి చోటు వాళ్ళు వదల్లేదు. చేపలావిడ నీళ్ళు తాగడానికి వెళ్తే, ఆవిడ బుట్ట పక్కన లాయరు కాపలాగా నిలబడి, ఆవిడ రాగానే మళ్ళీ ఒకడుగు వెనక్కి జరిగాడు. రోజూ చూసేదే గానీ ఆ రోజు నీ ఉత్తరం నా బ్యాగులో ఉండబట్టి కాబోలు, పెన్ను పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాను. వీళ్ళందరికీ ఇది ఎవరు నేర్పారు? ఇంట్లో అమ్మలు నేర్పారా? ఇంట్లో అమ్మ నేర్పేది 'ముందు నీకే పెడతాను, దా' అని. నీ ముందు పదిమంది ఉన్నారు, నీ వెనక పదిమంది ఉన్నారు, మధ్యలో నీ చోటు నీదే, ఎవరి బిడ్డవైనా సరే అని చెప్పింది బడి ఒక్కటే.

అన్ని బళ్ళూ బంగారమని నేననను. మనం చదివిన బడిలో మోకాళ్ళ మీద నిలబెట్టిన డ్రిల్లు మాస్టారుని నేనింకా మర్చిపోలేదు. కానీ ఆ బడే లేకపోతే నువ్వెక్కడుండేవాడివో ఒక్కసారి ఆలోచించు. ఇంట్లో నువ్వు పట్టుకున్న వస్తువల్లా పగిలేది. నాన్న లెక్కలో నువ్వు టైర్ల దుకాణానికి వారసుడివి. అమ్మ లెక్కలో ముద్దుల కొడుకువి, అంతకంటే ఆవిడకి ఇంకేం అక్కర్లేదు. నా లెక్కలో వట్టి తింగరివాడివి. మా ముగ్గురికీ నువ్వంటే ప్రాణమే, కానీ నువ్వేమిటో మాలో ఒక్కరికీ తెలియదు. భూగోళం మాస్టారు వచ్చి, వరండాలో థర్మామీటరు చూసి పలక మీద రాసే పని నీకిచ్చారు. సెలవు రోజున కూడా గోడ దూకి వెళ్ళి రాసొచ్చేవాడివి. ఆయన ఇంటికొచ్చి నాన్నతో, "మీవాడు దుకాణంలో కూర్చుంటే టైర్లకీ నష్టం, వీడికీ నష్టం" అన్నారు. నాన్న మండిపడ్డారు, తర్వాత మెత్తబడ్డారు. నా సంగతి మాత్రం తక్కువా? గొప్ప గాయనినైపోదామని కలలు కంటుంటే, నా పాట విన్న సంగీతం టీచరు మారు మాట్లాడకుండా నన్ను లెక్కల పోటీకి పంపింది. ఆ మహాతల్లి వల్లే ఇవాళ ఊరు సుఖంగా ఉంది, నాకు ఉద్యోగమూ ఉంది. ప్రేమ లేని కళ్ళు కొన్ని ఉండాలిరా, మనమేమిటో తేల్చి చెప్పడానికి. అవి ఇంట్లో దొరకవు.

సరే, ఇంత ఉపన్యాసం ఎందుకిచ్చానో నీకు ఈపాటికి అనుమానం వచ్చే ఉంటుంది. లెక్కల పుస్తకం సంగతి చెప్తాను.

ఆ పుస్తకం నా దగ్గర లేదు. పిడుగు నాలుగో తరగతిలో లేదు. ఒకటో తరగతిలో ఉంది. బడిలో చేరిన మూడో వారం నుంచీ అక్కడే ఉంది. ఇన్ని ఉత్తరాల్లో "క్లాసులో బాగుంది" అని రాశానే గానీ ఏ క్లాసో రాయలేదు. అబద్ధమైతే ఆడలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. కాదు, అది అబద్ధమే. నీకు కోపం రావాలి, వచ్చే ఉంటుంది. కొంచెం చల్లబడి మిగతాది చదువు.

బడిలో వేయమని నువ్వు నా దగ్గర దింపి వెళ్ళిన వారం ప్రవేశ పరీక్షలో దానికి నూటికి నూరూ వచ్చాయి. నాలుగో తరగతిలో కూర్చోబెట్టారు. మొదటి రోజు మధ్యాహ్నం అందరూ చెట్టు కింద తింటుంటే అది టిఫిన్ డబ్బా పట్టుకుని తిన్నగా స్టాఫ్ రూములోకి వెళ్ళి, టీచర్ల మధ్య కుర్చీ లాక్కుని కూర్చుంది. పుట్టినప్పటి నుంచీ పెద్దవాళ్ళతోనే తిన్న పిల్ల మరి. పైగా ఈ ఏడు వానలు ఆలస్యమవుతాయని వాళ్ళకి వివరంగా చెప్పిందట. టీచర్లు నవ్వుకున్నారు. నేనూ నవ్వుకున్నాను.

తర్వాత నవ్వు రాలేదు. టీచరు ఏ ప్రశ్న అడిగినా ఇది లేచి జవాబు చెప్పేసేది. చెయ్యెత్తిన పిల్లలు చెయ్యెత్తినట్టే ఉండిపోయేవారు. ఆటలో ఓడిపోతే "ఆట అయిపోయింది" అని ప్రకటించి బంతి తీసుకుని వచ్చేసేది. అన్నిటికంటే పెద్ద గొడవ ఇంకొకటి. "పిల్లలూ, పుస్తకాలు మూసేయండి" అని టీచరు అంటే అందరూ మూసేవారు, ఇది చదువుకుంటూనే ఉండేది. "పిల్లలూ, లేచి నిలబడండి" అంటే కూర్చునే ఉండేది. మాట వినడంలేదని, పొగరని హెడ్మిస్ట్రెస్ గారి దగ్గరికి పంపారు. నన్నూ పిలిపించారు. ఆవిడ దాన్ని అడిగింది, "టీచరు చెప్తే ఎందుకు లేవలేదమ్మా?" అని.

"నాకు చెప్పలేదు కదండీ" అంది పిడుగు. "పిల్లలకి చెప్పారు."

పొగరు కాదురా తమ్ముడూ. దానికి నిజంగానే తెలియదు. ఆ కొండ మీద ఏం చెప్పినా పేరు పెట్టి దానికే చెప్పారు మీరు. 'పిల్లలూ' అన్న పిలుపులో తనూ ఉందని దానికెవరూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలని మీకూ తోచలేదు, తోచే అవసరమూ రాలేదు.

ఆ రెండు వారాలూ పొద్దున్నే కడుపునొప్పి అనేది. ఒకరోజు బడి గేటు దగ్గరే నా చెప్పుల మీద వాంతి చేసుకుంది. ఆ సాయంత్రం నా పక్కన చేరి బఠాణీలు ఒలుస్తూ, "అత్తా, నేనన్నీ కరెక్టుగానే చెప్తున్నా కదా, మరి వాళ్ళకి నేనంటే ఎందుకిష్టం లేదు?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది.

హెడ్మిస్ట్రెస్ గారు ఒకటో తరగతి మాట ఎత్తగానే నేను ఆవిడ మీద ఇంతెత్తున లేచాను. "భాగహారాలు చేసే పిల్లని అ ఆలు దిద్దే పిల్లల పక్కన కూర్చోబెడతారా? మా తమ్ముడికి ఏమని చెప్పమంటారు?" అన్నాను.

ఆవిడ నన్ను కూర్చోమని మంచినీళ్ళు ఇచ్చింది. "మీ తమ్ముడుగారు చదువు చాలా బాగా చెప్పారండీ, మేమంత బాగా చెప్పలేం. కానీ ఆ ఇంట్లో ప్రశ్న వేస్తే ఈ పిల్లకే, ముద్ద కలిపితే ఈ పిల్లకే, మెచ్చుకున్నా తిట్టినా ఈ పిల్లనే. పదిమందిలో ఒకతిగా ఉండటం ఇద్దరు పెద్దవాళ్ళు ఎంత ప్రేమున్నా నేర్పలేరు. దానికి మనుషులు చాలరు" అంది.

"అది నాలుగో తరగతిలో నేర్చుకోకూడదా?"

"ఒకటో తరగతిలో మొదటి రెండు నెలలూ మేం చెప్పే పాఠం అదేనమ్మా. అక్షరాలు పైకి కనపడతాయి, అంతే. నాలుగుకి వచ్చేసరికి అందరికీ అది వచ్చేసిందనుకుంటాం, ఇంకెవరూ చెప్పరు. రాని పిల్లని పొగరుబోతు అనేస్తాం."

నేను సంతకం పెట్టాను. నీకు రాసి, నీ జవాబు వచ్చేదాకా ఆగొచ్చు. నువ్వు వద్దంటావని తెలిసే ఆగలేదు.

ఆ ఒకటో తరగతి టీచరమ్మ గురించి కూడా చెప్పాలి. సన్నగా, పొట్టిగా ఉంటుంది. గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. పిల్లలు గోల చేస్తే ఇంకా మెల్లగా మాట్లాడుతుంది, ఏం చెప్తోందో వినపడక వాళ్ళే ఒకళ్ళనొకళ్ళు ఊరుకోబెట్టుకుంటారు. నా వారపు సెలవు రోజున వరండాలో కిటికీ పక్కన నిలబడి చూస్తే, ఒక్కో బల్ల మీద ఒక పాత బిస్కెట్ల డబ్బా, అందులో రంగు పెన్సిళ్ళు. బల్ల చుట్టూ ఉన్న పిల్లలకి అవి ఏ మూలకీ చాలవు. ఎరుపు ఒకటే, నీలం ఒకటే, అవీ సగం అరిగినవి. పాపం, బడికి డబ్బుల్లేవు కాబోలనుకుని మర్నాడు పెద్ద పెట్టె ఒకటి కొనుక్కుని పట్టుకెళ్ళాను. నా గొప్ప నేను చూసుకుంటూ అందించాను.

టీచరమ్మ నవ్వి బీరువా తలుపు తీసింది. లోపల పై అర నుంచి కింది అర దాకా కొత్త పెన్సిళ్ళ పెట్టెలే.

"కావాలనే తక్కువ పెడతానండీ. తలా ఒక పెట్టె ఇచ్చేస్తే క్లాసు భలే నిశ్శబ్దంగా ఉంటుంది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు" అంది.

నా పెట్టె నేను చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను. దారంతా ఆవిడకి మనసులో దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను. ఊరు నడవడానికి కావలసినదంతా ఆ అరిగిపోయిన పెన్సిలు ముక్కల్లో పెట్టి నేర్పుతోందిరా ఆ మనిషి. రేపు వీళ్ళలో ఒకడు మీ బావలా పంపు తిప్పుతాడు, ఒకతి ఆసుపత్రిలో సూది వేస్తుంది, ఇంకొకడు బస్సు నడుపుతాడు. ఒకరి దగ్గరున్నది ఇంకొకరికి కావాలి, అడగాలి, ఇవ్వాలి, అయ్యాక తిరిగి అందించాలి. అదే కదా మన బతుకంతా.

పిడుగు మొదట్లో రంగు వెయ్యనే లేదు. అడగడం ఇష్టంలేక అన్నీ నల్ల పెన్సిలుతోనే గీసేది. టీచరమ్మ కూడా వదిలేసింది. ఒకరోజు నేను కిటికీ దగ్గర ఉండగానే జరిగింది. అది ఆకాశం గీసుకుంది. నీ కూతురు కదా, ఇంకేం గీస్తుంది? ఆకాశానికి నీలం కావాలి. నీలం ముందుపళ్ళు ఊడిన ఒక పిల్ల చేతిలో ఉంది. ఆ పిల్ల సముద్రం వేసుకుంటోంది, అది ఎంతకీ తెమిలే సముద్రం కాదు. మనది దాని వంక చూసింది, కిటికీ వంక చూసింది, తన ఖాళీ ఆకాశం వంక చూసింది. తర్వాత వంగి, "నీదయ్యాక నాకిస్తావా?" అంది.

ఆ పిల్ల తలెత్తనైనా లేదు. ఇంకో రెండు కెరటాలు వేసి పెన్సిలు ఇటు దొర్లించేసింది. వాళ్ళకది ఏ పెద్ద సంగతీ కాదు. వరండాలో నిలబడి నేను కొంగుతో ముక్కు తుడుచుకుంటుంటే అటుగా వెళ్తున్న ఆయా నాకు జలుబు చేసిందేమో అనుకుంది. ఇంకా విను. ఇది సగం ఆకాశం వేసేసరికి ఇంకొకడెవరో నీలం అడిగాడు. ఇచ్చేసింది. మిగతా సగం తెల్లగానే ఉండిపోయింది. అదేమిటే అంటే మేఘమని చెప్పింది. ఏ మేఘమో పేరు కూడా చెప్పింది, నాకు నోరు తిరగదు.

కడుపునొప్పి మళ్ళీ రాలేదు. సెలవులయ్యాక మూడో తరగతికి, ఏడాది చివర్లో దాని అసలు తరగతికి పంపిస్తామని హెడ్మిస్ట్రెస్ గారు అన్నారు. చదువులో అదేమీ వెనకబడదు, నీ భయం నీకక్కర్లేదు. మందలో పడి మామూలు పిల్లైపోతుందేమోనని రాశావు. కొంచెం మామూలైంది. నాకు అది చాలా బాగుంది.

ఏడాది పూర్తయ్యేదాకా దాన్ని ఇక్కడే ఉంచమని అడగడానికే ఇంత రాశాను. ఇందులో నా స్వార్థం లేదని అనను. డ్యూటీ దిగి ఇంటికి రాగానే అది మీ బావతో వాదిస్తున్న గొంతు గుమ్మంలోకే వినపడుతుంది, ఆ ఇల్లు నాకు అలవాటైపోయింది. అందుకని నా మాట పక్కన పెట్టు, దాని మాట విను.

నిన్న అడిగాను. "మీ నాన్న వచ్చి నిన్ను తీసుకెళ్తానంటున్నాడే. వెళ్తావా?"

"వెళ్తా" అంది, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. నీ కూతురికి నువ్వంటే ఎంత బెంగో నీకు తెలియాలనే దాచకుండా రాస్తున్నాను. మీ ఇద్దరి ఫొటో దిండు కింద పెట్టుకునే పడుకుంటుంది. తర్వాత అది, "మా క్లాసుని కూడా తీసుకెళ్ళచ్చా అత్తా?" అంది.

సంగతేమిటంటే, గాలి ఎంత జోరుగా వీస్తోందో చెప్పే గిన్నెలు మీ ఇంటి ముందు స్తంభం మీద గిరగిరా తిరుగుతుంటాయని చెప్తే క్లాసులో ఎవరూ నమ్మలేదట. పళ్ళూడిన పిల్లైతే "అన్నీ కోతలు" అందట. ఇది ఏడవలేదు, అలగలేదు. చెయ్యెత్తి, తన వంతు వచ్చేదాకా ఆగి, "మనం వెళ్ళి చూద్దామా టీచర్?" అని అడిగిందట. టీచరమ్మ హెడ్మిస్ట్రెస్ గారితో మాట్లాడింది, నేను మా డిపోలో బస్సు మాట్లాడాను. కాబట్టి నెలాఖరున నువ్వు జీపులో కిందికి దిగకు. మేమే పైకి వస్తున్నాం, ఒకటో తరగతి మొత్తం. ఎవరి డబ్బా వాళ్ళే తెచ్చుకుంటారు, మరదల్ని హైరానా పడవద్దని చెప్పు. మంచినీళ్ళు మాత్రం కాచి ఉంచండి.

ఆ రోజు సాయంత్రం దాన్ని ఉంచేసుకుంటావో పంపిస్తావో నీ ఇష్టం. తండ్రివి, నీ మాటకి నేను అడ్డురాను. కానీ అది నీకొక మాట చెప్పమంది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నాన్నని ఆ రోజు నన్ను ఎత్తుకోవద్దని రాయత్తా. అందరూ చూస్తారు."

"సరే, వాళ్ళందరూ వెళ్ళిపోయాక ఎత్తుకుంటాడులే" అన్నాను.

అది నా వంక వింతగా చూసింది. "వాళ్ళతో నేనూ వెళ్ళాలి కదత్తా" అంది.

నేను దువ్వెన తీసి దాని జుట్టు దువ్వుతూ కూర్చున్నాను. కాసేపటికి దానంతటదే నా చెవి దగ్గరికొచ్చి ఇంకోటి చెప్పింది. మీ ఇంటి వెనక, నీళ్ళ ట్యాంకు పక్కకి ఎవరూ రారట. అక్కడ ఒక్కసారి ఎత్తుకోవచ్చట. గట్టిగానే ఎత్తుకోవచ్చట.

ఇట్లు,
నీకు చెప్పకుండా సంతకం పెట్టిన
మీ అక్క